మాగ, సాల్మన్, పులస: కోరమాండల్ తీరపు చేపల గుర్తింపులో తెలుగు పేర్ల చరిత్ర

వ్యాస సంగ్రహం: దక్షిణ భారత ద్వీపకల్పపు నదుల్లో సాల్మన్, ట్రౌట్ చేపలు సహజంగా లేవు. అయినా మన తీరంలో దొరికే మాగ చేప ఆంగ్ల గ్రంథాలలోనూ, నేటి అంగళ్లలోనూ ‘ఇండియన్ సాల్మన్’గా చలామణి అవుతోంది. ఈ పేరు ఎలా వచ్చింది? దానికంటే ముందు ఈ చేపను శాస్త్రలోకానికి పరిచయం చేసిన తెలుగు పేరు ఏమయింది? 1803లో ప్యాట్రిక్ రస్సెల్ ప్రకటించిన మత్స్యగ్రంథం ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ప్యాట్రిక్ రస్సెల్, విశాఖపట్నం, మాగ, పులస, వృత్తిపదాలు, లిప్యంతరీకరణ.

1. ప్రవేశిక

నాయుడుపేట స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్న ఊరు. తూర్పున సముద్రం, దక్షిణాన పులికాట్ సరస్సు ఉన్న ఈ ప్రాంతంలో నదీముఖాల వద్ద ఉప్పునీరు, మంచినీరు కలుస్తాయి. అక్కడ వలలో పడే చేపను జాలరి చూడగానే గుర్తుపడతాడు. చదువుకున్నవాడు అదే చేపను ఆంగ్ల పుస్తకంలో వెతికితే ‘సాల్మన్’ అనే మాట ఎదురవుతుంది. ఇక్కడ ఒకే చేపకు రెండు గుర్తింపులు ఏర్పడ్డాయి. ఒకటి వృత్తి అనుభవం నుంచి పుట్టింది. రెండవది దూరదేశపు జ్ఞాపకం నుంచి పుట్టింది. వీటిలో ఏది ప్రమాణమన్నది శాస్త్రానికే కాక తెలుగు పదచరిత్రకు కూడా సంబంధించిన ప్రశ్న.

2. విశాఖపట్నంలో రస్సెల్

ప్యాట్రిక్ రస్సెల్ స్కాట్లండుకు చెందిన వైద్యుడు. అలెప్పో నగరంలో వైద్యవృత్తి చేసి, అక్కడి ప్లేగు వ్యాధిపై 1791లో పెద్ద గ్రంథం ప్రకటించినవాడు. 1780వ దశకం ఆరంభంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అయిన తన సోదరునితో కలిసి విశాఖపట్నం వచ్చాడు. 1785లో యోహాన్ కోనిగ్ మరణించడంతో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుని బాధ్యత రస్సెల్‌కు దక్కింది. 1789లో స్వదేశానికి వెళ్లాక 1796లో పాముల గ్రంథాన్ని, 1803లో చేపల గ్రంథాన్ని వెలువరించాడు.

రెండవది రెండు సంపుటాలలో విశాఖపట్నం వద్ద సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రాలు గల గ్రంథం. ఇందులో చిత్రాల పక్కన జాలరులు చెప్పిన తెలుగు పేర్లు రోమన్ లిపిలో కనిపిస్తాయి. నేటికీ మనం వాడే కోనెం, పార, సొర, జెల్ల వంటి మాటలు ఆ పుటల్లో ఉన్నాయి. పాముల గ్రంథంలోనూ ఆయనది ఇదే పద్ధతి. ఆయన నమోదు చేసిన ‘బంగారు పాము’ నుంచే 1803లో దోదాఁ ‘బంగారస్’ అనే ప్రజాతి నామాన్ని రూపొందించాడు. కట్లపాములన్నీ నేడు ఆ ప్రజాతిలోనివే.

3. మాగ శాస్త్రనామంగా మారిన తీరు

రస్సెల్ గ్రంథంలో ‘మాగ జెల్లీ’, ‘మాగ బూషీ’ అని రెండు చేపలున్నాయి. ఆ మరుసటి ఏడాది, అంటే 1804లో, జార్జ్ షా తన జంతుశాస్త్ర సంపుటంలో మొదటి దానికి ‘పాలినీమస్ టెట్రాడాక్టిలస్’ అని లాటిన్ పేరు పెట్టాడు. నాలుగు వేళ్లు గలది అని దాని అర్థం. ఆ నామకరణానికి ఆధారం రస్సెల్ వర్ణన, చిత్రం. అందుచేత ఆ జాతి మూలస్థానంగా శాస్త్రగ్రంథాలు నేటికీ విశాఖపట్నాన్నే చెబుతాయి. 1862లో బ్లీకర్ దీనికోసం ‘ఎల్యూథెరోనెమా’ అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచాడు. స్వేచ్ఛగా ఉన్న పోగులు అని దీని భావం.

ఆ పోగులే ఈ చేపకు ప్రధాన లక్షణం. ఉరోవాజం కింది భాగంలో, మిగతా వాజంతో కలవకుండా, దారాల వంటి పోగులు విడిగా వేలాడుతుంటాయి. ముట్టె ముందుకు పొడుచుకువచ్చి, నోరు దాని కిందికి ఉంటుంది. సాల్మన్, ట్రౌట్ కుటుంబపు చేపలకు ఈ పోగులు లేవు. వాటికి పృష్ఠవాజానికీ తోకకూ నడుమ ఈనెలు లేని చిన్న కండవాజం ఉంటుంది. మాగకు ఆ స్థానంలో ఈనెలు గల రెండవ పృష్ఠవాజం ఉంటుంది. అయితే కండవాజం ఉన్నంతమాత్రాన సాల్మన్ అనడానికీ వీలులేదు. సముద్రపు జెల్లలకు కూడా అది ఉంటుంది. కానీ వాటికి మీసాలుంటాయి, పొలుసులుండవు.

4. ‘సాల్మన్’ అనే అతిథి నామం

పందొమ్మిదవ శతాబ్దిలో ఇక్కడి ఆంగ్లేయ అధికారులకు గాలపు వేట ఇష్టమైన వినోదం. హెన్రీ సలివన్ థామస్ 1873లో ప్రకటించిన గాలపు వేట గ్రంథం ఆ అభిరుచికి నిదర్శనం. స్వదేశపు నదుల్లో తాము పట్టిన చేపలతో ఇక్కడి చేపలను పోల్చుకోవడం వారికి సహజం. కొండవాగుల్లో చురుకుగా ఈదే చిన్న గండెజాతి చేపను ‘ఇండియన్ ట్రౌట్’ అన్నారు. హిమాలయపు నీళ్లలోని మరొక గండెజాతిని ‘మంచు ట్రౌట్’ అన్నారు. తీరంలోని మాగ ‘ఇండియన్ సాల్మన్’ అయింది. వీటిలో ఏదీ సాల్మన్ కుటుంబానికి చెందదు. అసలు ట్రౌట్ కావాలనుకున్నప్పుడు వాటి గుడ్లను విదేశాల నుంచి తెప్పించి నీలగిరుల వాగుల్లో పెంచవలసి వచ్చింది. పలు విఫలయత్నాల తరువాత ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలోగాని రెయిన్‌బో ట్రౌట్ అక్కడ నిలదొక్కుకోలేదు.

ఇంకొక విశేషం గమనించాలి. సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదడం సాల్మన్‌కు ప్రసిద్ధమైన స్వభావం. మన తీరంలో ఆ స్వభావం గల చేప పులస. కానీ దానినెవరూ సాల్మన్ అనలేదు. జీవనవిధానాన్ని బట్టి కాక రూపం, రుచి, వేట అనుభవాలను బట్టి ఈ పేర్లు పుట్టాయనడానికి ఇదే బలమైన ఆధారం.

5. పలస, ఇలిష: ప్రాథమ్య సమస్య

పులస విషయంలో తెలుగు పేరుకు మరో రకమైన నష్టం జరిగింది. రస్సెల్ 1803లో ‘పలస’ అని ఒక చేపను చిత్రించాడు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గ్రంథంలో బెంగాలీ పేరుతో ‘ఇలిష’ను ప్రకటించాడు. 1829లో క్యువియే రస్సెల్‌ను అనుసరించి ‘క్లూపియా పలస’ అన్నాడు. తరువాత ఈ రెండూ ఒకే జాతి అని తేలింది. ముందుగా అచ్చయినది తెలుగు పేరు. నిలిచినది మాత్రం బెంగాలీ పేరు. కారణం స్పష్టం. శాస్త్రనియమం ప్రకారం రెండు మాటల లాటిన్ నామానికే ప్రాథమ్యం వర్తిస్తుంది. రస్సెల్ స్థానిక నామాలను మాత్రమే ఇచ్చాడు. అందువల్ల 19 ఏళ్ల ముందున్నా ఆ పేరు లెక్కలోకి రాలేదు.

అయితే అన్నీ ఓడిపోలేదు. ‘తోలు పార’ నుంచి వచ్చిన ‘స్కాంబరాయిడెస్ టోల్’, రస్సెల్ నమోదు చేసిన మరో పేరు నుంచి వచ్చిన ‘ఒపిస్థోప్టెరస్ టర్డూర్’ నేటికీ చెల్లుబాటులో ఉన్నాయి.

సముద్రంలో విలస, గోదావరిలో పులస అనే వ్యవహారభేదం నేడు లోకప్రసిద్ధం. కానీ గోదావరికి దూరంగా ఉన్న విశాఖ తీరంలో రస్సెల్ విన్నది పకారాది రూపమే. కాబట్టి నేటి భేదాన్ని అన్ని కాలాలకూ, అన్ని రేవులకూ వర్తింపజేయడం సరికాదు.

6. రోమన్ లిపి తెచ్చిన చిక్కులు

రస్సెల్ లిప్యంతరీకరణలో హ్రస్వదీర్ఘాల భేదం లేదు. ఆ అక్షరాలను ‘మగ’ అనీ ‘మాగ’ అనీ చదవవచ్చు. ఈ చేప మొదట మగదిగా ఉండి, పెరిగాక ఆడదిగా మారుతుందని ఆధునిక జీవశాస్త్రం చెబుతుంది. దీనిని చూసి ‘మగ’ అనే వ్యుత్పత్తిని ఊహించడం సులభం. కానీ తీరంలో నేడు వినిపించే రూపం దీర్ఘంతో కూడిన ‘మాగ’ కనుక ఆ ఊహ నిలవదు. ఇక ‘జెల్లీ’ని ‘జెల్ల’గా గ్రహిస్తే, మీసాల వంటి పోగులు చూసి జాలరులు ఆ మాట చేర్చి ఉంటారని భావించవచ్చు. అయితే రస్సెల్ అసలు జెల్లలకు ‘జెల్లా’ అని వేరు వర్ణక్రమం వాడాడు. కనుక దీనిని ప్రతిపాదనగా మాత్రమే స్వీకరించాలి. ఇటువంటి సందేహాలను తీర్చగలిగేది క్షేత్రపర్యటన ఒక్కటే.

7. ముగింపు

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ పదాల వృత్తిపదకోశం, వృత్తికారుల నోటి మాటే ప్రమాణమని స్థాపించింది. ఆ దృష్టితో చూస్తే 1803 నాటి రస్సెల్ గ్రంథం తెలుగు జాలరుల పదాలకు విలువైన తొలినాటి అచ్చు సాక్ష్యం. దానిని జంతుశాస్త్రజ్ఞులు తరతరాలుగా సంప్రదిస్తున్నారు. తెలుగు శాఖలు కూడా సంప్రదించాలి. ఆ 200 పేర్లను రేవు రేవునా వినిపించి, నేటి ఉచ్చారణను, ప్రాంతభేదాన్ని, శాస్త్రనామాన్ని పక్కపక్కన నమోదు చేయడం ఒక పరిశోధన గ్రంథానికి తగిన పని. తమిళంలో ‘కాలా’ అనే మాట, తెలుగు ‘మాగ’ కలిసే పులికాట్ ప్రాంతం అందుకు అనువైన క్షేత్రం. అనువాదకులకూ, పాఠ్యపుస్తక రచయితలకూ ఒక సూచన: ఆంగ్లంలో ‘ఇండియన్ సాల్మన్’ కనిపించినచోట సాల్మన్ అని రాయకుండా మాగ అని రాయాలి. షా లాటిన్ పేరు పెట్టడానికి ముందే ఆ పేరు మన జాలరుల నోట ఉంది, నేటికీ ఉంది.