టేకాఫ్‌కే పిలవాలి

పరాయి దేశపు ప్రభుత్వంతోనే కాదు, అక్కడి జనంతో మాట్లాడటం కూడా దౌత్యమేనని, దాన్ని తరగతి గదిలో నేర్పవచ్చని నమ్మినవాడు ఎడ్మండ్ గలియన్. కాంగోలో అమెరికా రాయబారిగా పనిచేసి వచ్చి, బోస్టన్ పక్కనే టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలోని ఫ్లెచర్ స్కూల్‌కు డీన్ అయ్యాడు. 1965లో ఈ పనికి ‘పబ్లిక్ డిప్లొమసీ’ అని పేరుపెట్టి, అక్కడే ఒక అధ్యయన కేంద్రం నెలకొల్పాడు. దానికి ఎడ్వర్డ్ మర్రో పేరు పెట్టారు. ఈ వృత్తిలోకి రావాలనుకునే పీజీ విద్యార్థులకు ఇవాళ చాలాచోట్ల కోర్సులున్నాయి. ఆ చదువుకు పునాది పడింది అక్కడే.

మర్రో వృత్తిరీత్యా రాయబారి కాడు, రేడియో విలేకరి. 1940లో జర్మన్ బాంబులు పడుతుంటే లండన్ మేడల మీద నిలబడి, కళ్లముందు జరుగుతున్నది అమెరికా ఇళ్లకు వినిపించినవాడు. 1961లో అధ్యక్షుడు కెనెడీ ఆయన్ను అమెరికా సమాచార సంస్థకు డైరెక్టర్‌ను చేశాడు. కుర్చీలో కూర్చున్న కొద్ది వారాలకే అమెరికా అండతో క్యూబాపై బే ఆఫ్ పిగ్స్ దాడి జరిగింది, ఘోరంగా బెడిసికొట్టింది. పథకం వేసేటప్పుడు ఆయన్ని ఎవరూ సలహా అడగలేదు. లోకానికి సంజాయిషీ చెప్పే పని మాత్రం ఆయన సంస్థ నెత్తిన పడింది. విమానం కూలాక కాదు, టేకాఫ్ అప్పుడే తనను పిలవాలని మర్రో పట్టుబట్టాడంటారు. ఈ రంగం చరిత్రలో ఇంతకంటే విలువైన మాట మరొకటి కనిపించదు. విధానమే వంకరదైతే దాన్ని వివరించేవాడు ఎంత చతురుడైనా చేయగలిగింది కొంచెమే.

ఆ సంగతి సంగీతకారులకు అంతకుముందే తెలుసు.

1956లో అమెరికా విదేశాంగ శాఖ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీని బృందంతో సహా విదేశీ పర్యటనకు పంపింది. అంకారాలో పెద్దమనుషుల కోసం కచేరీ ఏర్పాటైంది. వీధి పిల్లలు ప్రహరీ బయటే నిలిచిపోయారు. వాళ్లను లోపలికి రానిస్తే తప్ప వాయించనని గిలెస్పీ భీష్మించాడు, వాళ్లు వచ్చాకే వాయించాడు. మరుసటి ఏడాది అమెరికాలోని లిటిల్ రాక్‌లో నల్లజాతి విద్యార్థులను బడి గడప తొక్కనివ్వకపోతే, మరో జాజ్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభుత్వం తలపెట్టిన సోవియట్ యాత్రకు రానని తెగేసి చెప్పాడు. సొంత దేశంలో తనవాళ్లకు జరుగుతున్నది చూస్తూ బయట ఆ దేశం గొప్ప చెప్పడం ఆయన వల్ల కాలేదు.

ఆ జాజ్ యాత్రలు తెలుగు నేలనూ తాకాయి. 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందానికి హైదరాబాద్ ఒక మజిలీ. అయితే కచేరీ ఒక్క సాయంత్రంతో అయిపోతుంది. 1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో మొదలైన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ మాత్రం దశాబ్దాలపాటు పనిచేసింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పరిశోధకులు దాని లైబ్రరీలో కూర్చుని థీసిస్‌లకు నోట్సు రాసుకున్నారు. దౌత్యం పేరెత్తకుండా జరిగిన ఆ దౌత్యమే ఎక్కువ లోతుగా పనిచేసిందనిపిస్తుంది.

భారత విదేశాంగ శాఖ పబ్లిక్ డిప్లొమసీకి ప్రత్యేక విభాగం పెట్టింది 2006లో. పని మాత్రం పాతదే. మౌలానా ఆజాద్ 1950లోనే భారత సాంస్కృతిక సంబంధాల మండలిని స్థాపించారు. ఆ మండలి స్కాలర్‌షిప్పులతో ఆఫ్రికా నుంచి, అఫ్గానిస్థాన్ నుంచి విద్యార్థులు ఉస్మానియాకు వచ్చి చదువుకున్నారు.