ఉరికంబం ముందు ఒక సందేహం

ఉరిశిక్ష రద్దు కావాలనే వాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఆ మాట అన్న ప్రతిసారీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. మరి చనిపోయినవాళ్ల మాటేమిటి? ఆ ప్రశ్నని పక్కకి నెట్టకుండా మన చరిత్రలోనే పెట్టి చూడాలనుకుంటున్నాను.

1993 మార్చి 8, మహిళా దినోత్సవం. ఆ తెల్లవారుజామున చిలకలూరిపేట దగ్గర దోపిడీ కోసం ఒక బస్సులో పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. ఇద్దరు దళిత యువకులకి ఉరిశిక్ష పడింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు, రచయితలు ఉద్యమించాక 1998లో రాష్ట్రపతి ఆ శిక్షని యావజ్జీవంగా మార్చారు.

అదే గుంటూరు జిల్లాలో, అంతకు రెండేళ్ల ముందు, 1991 ఆగస్టు 6న చుండూరులో అగ్రకులస్తులు 8 మంది దళితులను నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అక్కడ తీర్పు రావడానికి 16 ఏళ్లు పట్టింది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఉరితాడుకి కులం తెలుసనడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే ఈ వాదన ఒక్కటే సరిపోదని నాకు 2019లో తెలిసొచ్చింది. నవంబరు 24న ఆసిఫాబాద్ జిల్లాలో, ఊరూరా తిరిగి చిన్న సరుకులు అమ్ముకునే దళిత స్త్రీ 'సమత'పై అత్యాచారం చేసి చంపేశారు. మూడు రోజులకి హైదరాబాదు శివార్లలో 'దిశ' హత్య. దేశం దిశ కోసమే ఊగిపోయింది. డిసెంబరు 6న పోలీసులు నలుగురు నిందితులను కాల్చేస్తే జనం పూలు చల్లారు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని సిర్పూర్కర్ కమిషన్ చెప్పేసరికి 2022 వచ్చింది. సమత కేసు మాత్రం కోర్టులో నడిచింది. 2020 జనవరి 30న ముగ్గురికి ఉరిశిక్ష వేశారు.

ఒక పేద దళిత స్త్రీ ప్రాణానికి న్యాయస్థానం ఇంత త్వరగా విలువ కట్టడం మనం ఎన్నిసార్లు చూశాం? ఆ తీర్పు విని ఊపిరి పీల్చుకున్న కుటుంబం ముందు నిలబడి "ఉరి వద్దు" అనగలనా? అన్నా, ఆ మాట వాళ్ల చెవికి ఎలా వినిపిస్తుంది?

అయినా ఉరి వద్దనే అంటాను. తప్పు మనుషులు దొరుకుతున్నారని కాదు. సరైన మనుషులు దొరికినా సరే, మన పేరు మీద చంపే అధికారం రాజ్యానికి ఇవ్వలేను. ఆ అధికారం చేతికి రాకముందే పూలు చల్లించుకున్న రాజ్యమిది. కానీ ఈ మాట అనే హక్కు ఊరికే రాదు. చుండూరు వితంతువులు కోర్టు మెట్లెక్కిన ఆ 16 ఏళ్లకి జవాబు వెతికే పని కూడా మనదే అనుకున్నప్పుడే అది వస్తుంది.