నక్షత్ర మృగములు

భూమిపై పొలమునకు హద్దురాళ్లు కలవు, ఆకాశమునకు లేవు. అయినను పూర్వులు ఆకాశమునందును ఆనవాళ్ల నేర్పరచుకొనిరి. విత్తుటకును, కోయుటకును, ఓడ నడపుటకును తగిన కాలము నెరుగవలెనన్న వారికి చుక్కలే పంచాంగము. గుర్తుండుటకు ఆ చుక్కల గుంపులకు పేర్లు కావలసివచ్చెను. నిత్యము కంటి యెదుట మెలగు మృగములే ఆ పేర్లలో పెక్కుచోట్ల నిలిచినవి. గ్రామ లెక్కలు వ్రాయు నాకు ఇది వింతగా తోచదు. మన పొలముల పేర్లలో మాత్రము నక్కలు, నెమళ్లు లేవా?

ఒకే గుంపునకు దూరదేశములందు ఒకే పేరు కనబడినచో, దానికి కారణములు ముఖ్యముగా మూడు.

మొదటిది వారసత్వము. సప్తర్షి మండలమును గ్రీకులు ‘అర్క్టోస్’ అనిరి, అనగా ఎలుగుబంటి. సప్తర్షులకు పూర్వము ఋక్షములని పేరుండెనని మన శతపథ బ్రాహ్మణము చెప్పుచున్నది. ఋక్షమనగా నక్షత్రమే కాదు, ఎలుగుబంటియు నగును. ఆ అర్థమున ఋక్ష, అర్క్టోస్ శబ్దములు రెండును ఒకే మూలమునుండి పుట్టినవని భాషావేత్తల నిర్ణయము.

రెండవది అరువు. బాబిలోనియా వారు మట్టి పలకలపై తేలు అని వ్రాసిన చుక్కలనే గ్రీకులు ‘స్కార్పియోస్’ అనిరి. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహజ్జాతకమున వృశ్చిక రాశిని ‘కౌర్ప్య’ మనియు పేర్కొనెను. అది గ్రీకు మాటయే. ఇందు చిన్నతనమేమియు లేదు. విద్య ఇచ్చిపుచ్చుకొన్న కొలది పెరుగును. ఈ అరువు చేరని ప్రాచీన చీనాలో ఆ చుక్కలే తూర్పు దిక్కును కాచు నీలి డ్రాగను అను మహాసర్పములో భాగములైనవి. మన జ్యేష్ఠ వారికి ఆ సర్పపు గుండె.

మూడవది ఎవరి కంటికి వారు కనుగొన్నది. కృత్తికలను మన పల్లెలలో పిల్లలకోడి యందురు. ఇటలీ పల్లెవారికి అవి చిన్నకోళ్లు. థాయి దేశస్థులకు కోడిపిల్లల చుక్కలు. పెరటిలో కోడి యున్నచోట ఈ పేరు పుట్టుటకు గురువు అక్కరలేదు. ఆస్ట్రేలియా ఆదివాసులలో పలువురు చుక్కలను విడిచి, పాలవెల్లి నడుమనున్న నల్లని మచ్చలలో తమ ఈమూ పక్షిని చూచిరి. పెరూ కొండలలోని ఇంకాలు అట్టి మచ్చలలోనే బరువులు మోయు తమ లామాను చూచిరి. ఎవరి బ్రతుకు ఏ మృగముతో ముడిపడెనో ఆ మృగమే వారి యాకాశమున నిలిచెను.

1922లో అంతర్జాతీయ ఖగోళ సంఘము 88 నక్షత్ర మండలములను అంగీకరించెను. ఎలుగు, తేలు, సింహము అందు చేరినవి. పిల్లలకోడికి చోటు లేదు; కృత్తికలు వృషభములో నొక భాగము మాత్రమే. గ్రంథముల కెక్కిన పేర్లకు భయము లేదు. పెద్దల నోట మాత్రమే నిలిచిన పేరు వారితోనే పోవును. వీధిదీపముల వెలుగున పెరుగు మన పిల్లలలో ఎందరికి పిల్లలకోడి తెలియును?

కావున చదువరులకు నా మనవి యొకటి. ఈ రజతోత్సవ వత్సరమున మన గ్రంథాలయమందు ఒక పుస్తకమును తెరువుడు. చుక్కలకు మన పెద్దలు పెట్టుకొన్న పేర్లను, ఏ చుక్క పొడిచిన ఏ సేద్యపు పని చేసెడివారో ఆ వివరమును, వారు చెప్పినది చెప్పినట్లు అందు వ్రాయుడు. కార్తిక బహుళమున ప్రొద్దుగ్రుంకి చీకటి పడిన పిదప, పిల్లలను ఊరి వెలుపలికి తోడ్కొనిపోయి తూర్పున కృత్తికలను చూపుడు. వారు ఆ గుంపును చూచి కొత్త పేరేదైన చెప్పినచో, దానిని గూడ ఆ పుస్తకమున చేర్చుడు.