అబిడ్స్ – నాంపల్లి: భూవినియోగ నిబంధనలు, అపార్ట్‌మెంట్లు

హైదరాబాద్‌లో మూసీకి ఉత్తరాన, మొజంజాహీ మార్కెట్‌కు అటూ ఇటూ ఉన్న పేటలు అబిడ్స్, నాంపల్లి. ఇప్పుడు నగరం నడిబొడ్డు అంటే ఇవే. నూటయాభై ఏళ్ల కిందట మాత్రం చార్మినార్ చుట్టూ ఉన్న ప్రాకార నగరానికి ఇవి శివారు. తోటలు, బంగళాలు, దేవిడీలనే ప్రభువుల భవంతులు ఉన్న శివారు దుకాణాల వీధిగా మారి, ఆ దుకాణాల మీద అపార్ట్‌మెంట్లు లేచిన క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఏ స్థలంలో ఏం కట్టాలో మాస్టర్ ప్లాన్ చెప్పాలి. ఈ రెండు పేటల్లో ఆ పని ఎక్కువగా రోడ్డు వెడల్పు చేసింది. వాడకం ముందు మారేది, పటం మీద రంగు ఆ తరవాత మారేది.

శివారు రోజులు

1869లో మొదటి సాలార్‌జంగ్ నగరానికి పురపాలన ఏర్పాటు చేశాడు. మూసీ ఉత్తర ఒడ్డున చాదర్‌ఘాట్ వైపు పెరుగుతున్న శివారును అప్పుడే విడిగా లెక్కించారు. తరవాత చాదర్‌ఘాట్ వేరే మునిసిపాలిటీ అయింది. 1933లో అది నగరంలో కలిసిపోయింది. బ్రిటిష్ రెసిడెంటు ఏలుబడిలో ఉన్న రెసిడెన్సీ బజార్లు నిజాం చేతికి తిరిగొచ్చింది కూడా ఆ ఏడాదే. ఇవే నేటి సుల్తాన్ బజార్. పాత నగరంలో జాగా చాలని ఉమరావులు, కొత్తగా కొలువుల్లో చేరిన అధికారులు, వర్తకులు నది దాటి ఇటు వచ్చారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ నడిపిన దుకాణం పేరే అబిడ్స్‌కు నిలిచింది. 1907లో నాంపల్లి స్టేషన్ కట్టాక సరుకు, జనం రెండూ ఇక్కడే దిగడం మొదలైంది. స్టేషన్ పుట్టిన చోట గోదాము, సరాయి, హోటల్ పుట్టక మానవు. ఇల్లు, అంగడి, లాడ్జి పక్కపక్కనే ఉండే తీరు మాస్టర్ ప్లాన్ కంటే చాలా ముందు నాటిది.

ఆరాయిష్-ఎ-బల్దా

1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరద నగరాన్ని ముంచేసింది. దాని ఫలితంగా 1912 ప్రాంతంలో నగరాభివృద్ధి మండలి పని మొదలుపెట్టింది. జనం దాన్ని ఆరాయిష్-ఎ-బల్దా అన్నారు. బస్తీల్లో గాలీ వెలుతురూ లేని ఇళ్లు కూల్చడం, రోడ్లు వెడల్పు చేయడం, అద్దె ఇళ్లు కట్టి ఇవ్వడం దాని పని. మొదట చేపట్టిన బస్తీల్లో నాంపల్లి ఒకటి. 1935లో మొజంజాహీ మార్కెట్ ఆ మండలి హయాంలోనే లేచింది. మండలికి అధ్యక్షత వహించిన, ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరే దానికి పెట్టారు.

నేటి భాషలో చెప్పాలంటే ఈ ప్రాంతంలో జోనింగ్‌కు మొదటి రూపం ఇదే. నివాసం, వ్యాపారం అని గీత గీసిన పటం లేదు. రోడ్డును ముందు గీసి, దాని అంచున రాతి దుకాణాలు వరసగా కట్టి, ఇళ్లను వెనక్కి నెట్టారు. అందుకే అబిడ్స్‌లో ఇప్పటికీ రోడ్డు మొహం దుకాణానిది, గల్లీ లోపల ఇంటిది. ఆ మండలి వారసత్వం 1960లో హౌసింగ్ బోర్డుకు చేరింది. బోర్డు కార్యాలయ భవనం గృహకల్ప మొజంజాహీ మార్కెట్ పక్కనే ఉంది. బోర్డు పేరు చెప్పగానే గుర్తొచ్చే కాలనీ మాత్రం ఇక్కడ లేదు, కూకట్‌పల్లిలో ఉంది. కొత్త కాలనీలకు ఖాళీ భూమి కావాలి. ఇక్కడ మిగిలిన పెద్ద జాగాలన్నీ రైల్వేవి, పబ్లిక్ గార్డెన్స్‌వి, దర్గా యూసుఫైన్‌వి, ఏటా నుమాయిష్ జరిగే ఎగ్జిబిషన్ మైదానానివి.

దేవిడీ నుంచి ఫ్లాటుకు

1949లో జాగీర్దారీ రద్దయింది. పెద్ద దేవిడీలను పోషించే ఆదాయం దాంతో ఆగిపోయింది. 1976లో వచ్చిన పట్టణ భూపరిమితి చట్టం ఖాళీ జాగా ఎక్కువగా ఉంచుకోవడాన్నే ప్రమాదంగా మార్చింది. వారసులు పంచుకున్నారు, పంచుకోలేనివాళ్లు అమ్ముకున్నారు. చిరాగ్ అలీ లేన్, బొగ్గులకుంట, గన్‌ఫౌండ్రీ, రెడ్‌హిల్స్ గల్లీల్లో నాలుగైదు అంతస్తుల ఫ్లాట్లు లేవడం వెనక ఈ రెండు చట్టాల నీడ ఉంది. ఫ్లాటు అంటే నేల లేని ఇల్లు. దాని యాజమాన్యాన్ని, కింది భూమిలో అవిభాజ్య వాటాను తేల్చడానికి 1987లో ఉమ్మడి రాష్ట్రం అపార్ట్‌మెంట్ల చట్టం తెచ్చింది.

ఒప్పందం జరిగే తీరు ఇప్పటికీ పెద్దగా మారలేదు. అన్నదమ్ముల పేరున ఆరేడు వందల గజాల పాత ఇల్లు ఉంటుంది. బిల్డరు వస్తాడు. డబ్బు చేతులు మారదు. ఇల్లు ‘డెవలప్‌మెంట్‌కు’ ఇస్తారు. ఇన్ని ఫ్లాట్లు యజమానులకు, ఇన్ని బిల్డరుకు అని వాటా రాసుకుంటారు. గజం ధర ఎక్కువున్న చోట యజమాని వాటా పెరుగుతుంది. కట్టే రెండేళ్లు వాళ్లు వేరేచోట అద్దెకుంటారు, ఆ అద్దె బిల్డరే కట్టే పద్ధతి కూడా ఉంది. ప్లాను మంజూరు కావాలంటే కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతం కార్పొరేషన్‌కు తనఖా పెట్టాలి. ప్లాను దాటకుండా కట్టారని తేలి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే ఆ భాగం విడుదల అవుతుంది. అన్నదమ్ముల్లో ఒకరు సంతకం పెట్టకపోతే అన్నీ అక్కడే ఆగిపోతాయి. అబిడ్స్ వెనక గల్లీల్లో తాళం వేసి, రావిమొక్క మొలిచిన పాత గేట్లకు కారణం చాలావరకు ఇదే. వాటిని టౌన్ ప్లానింగ్ విభాగం ఆపలేదు, సివిల్ కోర్టు వాయిదాలు ఆపాయి.

పటం మీద రంగులు

1975లో నగరానికి మాస్టర్ ప్లాన్ వచ్చింది. పట్టణాభివృద్ధి సంస్థ హుడా పుట్టిందీ అదే ఏడాది. అప్పటి పురపాలక పరిధిని నివాస, వాణిజ్య, పారిశ్రామిక, ప్రభుత్వ, వినోద మండలాలుగా విడదీశారు. అబిడ్స్ ప్రధాన రోడ్డు, స్టేషన్ రోడ్డు అప్పటికే పూర్తిగా బజారు. పటం ఉన్నదాన్ని రాసుకుంది, అంతే. లోపలి గల్లీలకు నివాసపు పసుపు రంగు వేశారు. డాక్టర్ల గదులు, ట్యుటోరియళ్లు, ఆడిటర్ల ఆఫీసులు, హోల్‌సేల్ గోదాములు ఆ పసుపులోకి దూరిపోయాయి.

భూవినియోగ మార్పు కోరేవారికి చట్టంలో దారి ఉంది. దరఖాస్తు పెడితే ప్రభుత్వం ముసాయిదా ప్రకటన ఇస్తుంది, గడువులోగా అభ్యంతరాలు తీసుకుంటుంది, అభివృద్ధి రుసుము కట్టించుకుని తుది ఉత్తర్వు ఇస్తుంది. శివార్లలో ఎకరాలకు ఎకరాలు సాగుభూమి నుంచి నివాస మండలానికి మారింది ఈ దారిలోనే. ఇక్కడి 300 గజాల ఇంటివాడికి ఇది కాళ్లరిగే పని. ముందు దుకాణం తెరుస్తాడు, ఆస్తిపన్ను వాణిజ్య రేటుకు మారుతుంది, కరెంటు మీటరు మారుతుంది. మండలం మాత్రం పాతదే ఉంటుంది. 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఏర్పడింది. 2010లో పాత కార్పొరేషన్ పరిధికి, అంటే దాదాపు 172 చదరపు కిలోమీటర్లకు, సవరించిన మాస్టర్ ప్లాన్ ఆమోదం పొందింది. 35 ఏళ్లలో గల్లీలు చేసుకున్న మార్పుల్లో కొన్నింటికి అప్పుడు రంగు దొరికింది.

రోడ్డు వెడల్పే నిబంధన

2006 మార్చిలో వచ్చిన జీవో 86 హైదరాబాద్ భవన నిబంధనలను తిరగరాసింది. స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదనే పరిమితి ఎత్తేసింది. దేశంలోని చాలా పెద్ద నగరాల్లో ఆ పరిమితి ఇంకా ఉంది. ఎదుటి రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్, ఎత్తు, ఈ మూడే ఇక్కడ లెక్క. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 ఆ పద్ధతినే కొనసాగించింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే సవరించుకుంటూ వాడుతోంది.

దీని ఫలితం అబిడ్స్‌లో బాగా కనిపిస్తుంది. ఎత్తైన భవనానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, అంటే సుమారు 2,400 గజాలు కావాలి. ఎదురుగా కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాలి. 21 మీటర్ల ఎత్తుకే చుట్టూ 7 మీటర్లు వదలాలి, ఎత్తు పెరిగే కొద్దీ ఖాళీ కూడా పెరగాలి. పంపకాల్లో ముక్కలైన దేవిడీల పేటలో అంత జాగా ఒకే చేతిలో ఉండటం అరుదు. పొరుగువాళ్లు నలుగురు కలిసి స్థలాలు ఒకటి చేస్తే దొరుకుతుంది, కానీ ఒకే ఇంటి అన్నదమ్ములే కలవని చోట అది జరిగే పని కాదు. అందుకే ఇక్కడి అపార్ట్‌మెంటుకు ఒకే ఒడ్డూపొడుగు: కింద పార్కింగ్ కోసం స్టిల్టు, పైన నాలుగు లేదా అయిదు అంతస్తులు. యాభై అంతస్తుల టవర్లు నగరం పడమటి అంచున ఉన్న కోకాపేటకు వెళ్లాయి. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. పెద్ద చదరపు ప్లాట్లు, వెడల్పు రోడ్లు ముందే గీసి ఉంచిన చోట నిబంధన ఎవరికీ అడ్డు రాదు.

2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం చిన్న ఇళ్ల అనుమతిని సొంత ధ్రువీకరణ మీదకు తెచ్చింది. 75 గజాల లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదు, నమోదు చాలు. గల్లీల్లో చిన్న ముక్కల మీద కట్టుకునేవారికి ఇది నిజంగా ఊరట. కాగితం త్వరగా వస్తుంది గానీ కట్టాక వచ్చి చూసే మనిషి అంత త్వరగా రాడు.

బజార్‌ఘాట్

2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో మంటలు లేచాయి. కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిల్వ ఉన్నాయి. మంట అక్కడ పుట్టి, పొగ మెట్లదారి గుండా పైకి ఎగదన్నింది. పై అంతస్తుల్లో కాపురముంటున్న తొమ్మిది మంది ఆ రోజు చనిపోయారు. దీన్ని అగ్నిమాపక ప్రమాణాల లోపంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. మిగతా సగం భూవినియోగానిది. స్టిల్టును నిబంధనలు పార్కింగ్‌కని వదిలాయి. కాబట్టి భవనం ఎత్తు లెక్కలోకి కూడా దాన్ని తీసుకోరు. గజం అద్దె ఆకాశాన్నంటే చోట ఖాళీ స్టిల్టు అంటే రోజూ వదులుకునే అద్దె. దుకాణాల గల్లీలో దాన్ని ముందు సామాను గదిగా, తరవాత గోదాముగా మార్చడానికి ఒక గోడ, ఒక షట్టరు చాలు. పైన ఉన్నవాళ్ల మెట్లు, లిఫ్టు, కరెంటు మీటర్లు అన్నీ ఆ స్టిల్టులోనే ఉంటాయి. మంట వస్తే బయటికి రావాల్సిన దారీ అదే.

ఇల్లూ అంగడీ ఒకే కప్పు కింద ఉండటం తప్పు కాదు. నాంపల్లి నూరేళ్లుగా అలాగే బతికింది. కిరాణా కొట్టు మీద కాపురానికీ రసాయనాల గోదాము మీద కాపురానికీ తేడా చెప్పగలగడమే మండల నిబంధన పని. ‘నివాసం’, ‘వాణిజ్యం’ అనే రెండు రంగులకు ఆ తేడా తెలియదు. 2025 మేలో చార్మినార్ పక్క గుల్జార్ హౌజ్ దగ్గర కూడా, కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న పాత భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు.

క్రమబద్ధీకరణ

ప్లానుకు మించి వేసిన అంతస్తులను, మింగిన సెట్‌బ్యాక్‌లను జరిమానాతో సరిచేసే పథకం 2007 చివరలో బీపీఎస్ పేరుతో, 2015లో బీఆర్‌ఎస్ పేరుతో వచ్చింది. రెండోది హైకోర్టు మెట్లెక్కింది, దరఖాస్తులు ఏళ్ల తరబడి తేలలేదు. ఇలాంటి పథకం మళ్లీ వస్తుందన్న నమ్మకమే ఒక పెంట్‌హౌస్ అదనంగా వేయడానికి చాలినంత ధైర్యం ఇచ్చింది. ఖజానాకు డబ్బు వచ్చింది గానీ, కోల్పోయిన ఖాళీ జాగా తిరిగి రాలేదు.

మెట్రో, బదిలీ హక్కులు

2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట – ఎల్‌బీ నగర్ మెట్రో మార్గం తెరిచారు. నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్లు ఆ దారిలోనివే. మెట్రో పక్కన ఇళ్లు దట్టంగా పెరగాలన్నది చాలా నగరాల్లో ప్రణాళికకారులు చెప్పే మాట. ఇక్కడ స్టేషన్ల పక్క జాగా ప్రభుత్వ సంస్థలది, లేదంటే తగాదాల్లో ఉన్నది. పెరిగిన ఇళ్లు కొద్ది.

రోడ్డు వెడల్పు కోసం జాగా వదిలే యజమానికి నగదుకు బదులు కార్పొరేషన్ బదిలీ చేసుకోదగ్గ అభివృద్ధి హక్కుల పత్రం ఇస్తుంది. వదిలిన స్థలానికి నాలుగు రెట్లు, అంటే 400 శాతం కట్టుబడి హక్కు అందులో ఉంటుంది. దాన్ని తన మిగిలిన స్థలంలో వాడుకోవచ్చు, లేకపోతే నగరంలో మరెక్కడైనా కట్టే బిల్డరుకు అమ్ముకోవచ్చు. దుకాణం ముందు భాగం పోయి వెనక ఇరుకు ముక్క మిగిలిన యజమానికి ఆ హక్కును అక్కడే వాడుకునే వీలు ఉండదు, అమ్ముకోవడమే మేలు. కొన్న బిల్డరు దాన్ని వెడల్పు రోడ్డున్న మరో పేటలో అదనపు అంతస్తులుగా కడతాడు.