నిధివేట చిత్రము మరల తెరకెక్కిన వేళ

1971లో విడుదలయిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రము 2023 మే 31వ తేదీన, కథానాయకుడు కృష్ణ జన్మదినమున, కొత్త మెరుగులతో మరల వెండితెర కెక్కినది. అంతకు ఆరు నెలల మునుపే, 2022 నవంబరు 15న, ఆయన కన్నుమూసిరి. ప్రేక్షకుల ఈలలలో కొంత దుఃఖము కూడ లేకపోలేదు.

దాచిన నిధికై ఒకరినొకరు వంచించుకొను ఈ కథను ఆరుద్ర రచించిరి. దర్శకులు కె.యస్.ఆర్. దాస్, ఛాయాగ్రాహకులు వి.యస్.ఆర్. స్వామి. అమెరికా గుఱ్ఱపురౌతుల కథలను ఇటలీవారు మలచిన తీరు చూచి, మనవారును రాజస్థాన్ ఎడారికి తరలిపోయిరి. వరిచేలను, కొబ్బరితోపులను దాటని కోనసీమ రైతునకు ఆ ఇసుకతిన్నె లెట్లు తోచెనో! అయినను మన సీమకు ఇందు భాగము కలదు. సంగీతము కూర్చిన పి. ఆదినారాయణరావు కాకినాడ నాటకరంగమున ఎదిగినవారు. ఆయన సతీమణి అంజలీదేవి పెద్దాపురపు ఆడపడుచు. ‘సువర్ణసుందరి’కి తీయని బాణీలు కట్టిన ఆయనే ఇచ్చట తుపాకుల మ్రోతకు జత కూర్చిరి.

దోపిడీకథలలో ఫ్రెంచివారు నిపుణులు. 1970లో జాన్ పియెర్ మెల్విల్ తీసిన ‘లె సెర్కిల్ రూజ్’లో నగలదుకాణమును దోచు ఘట్టము ఇంచుమించు అరగంట సాగును, పాత్రలు పెదవి విప్పవు. అదియును పునరుద్ధరింపబడినది. ఆ మౌనము చెవికి సోకవలెనన్న, శబ్దములోని గరగర ముందు తొలగవలెను గదా!

పునరుద్ధరణ మనగా లేని రంగులద్దుట కాదు. 2010లో ‘మాయాబజార్’కు జరిగినది వేరు పని. మూల నెగటివులోని ఒక్కొక్క బొమ్మను యంత్రమున కెక్కించి, గీతలు తుడిచి, వెలిసిన వన్నెను తొలినాటి స్థితికి తెత్తురు. సెకనునకు 24 బొమ్మల చొప్పున, రెండున్నర గంటల చిత్రమున రెండు లక్షలకు పైబడిన బొమ్మలుండును.

అసలు నెగటివే లేనిచో? రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో నిర్మించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు చూతమన్న దొరకదు. రాజమహేంద్రవరమున 1936లో నిడమర్తి సూరయ్య నెలకొల్పిన దుర్గా సినిటోన్ ఆంధ్రదేశమున తొలి స్టూడియోగా పేరొందినది. అదియు కాలగర్భమున కలిసినది. నాటి ఫిలిము నిప్పురవ్వ సోకిన భగ్గుమనును. తరువాతి ఫిలిమును తేమ తినివేయును. గోదావరి వానల సంగతి చెప్పనక్కరలేదు.

నేడు పునరుద్ధరణకు నోచుకొనునవి మిక్కిలిగా అగ్రనటుల చిత్రములే. వారి జన్మదినములకు టిక్కెట్లు అమ్ముడగును గనుక తప్పుపట్టలేము. కాని అభిమానసంఘములు లేని చిత్రముల గతి యేమి? మూతపడిన సినిమాహాళ్ళ గదులలో, పాత పంపిణీదారుల ఇండ్లలో రేకుడబ్బాలు ఇంకను ఉండవచ్చును. మూత తీయగానే పులిసిన వెనిగరు వాసన కొట్టినచో లోని ఫిలిము శిథిలమగుచున్నదని గుర్తు. వానిని పాత ఇనుముతో తూకము వేయక మునుపే, పేరైన చదివి చూడవలెను.