రెండు దేశాల నడుమ ఇరుక్కున్న ఆర్డిలెస్

మారడోనా, మెస్సీ అంటె మన ఊర్ల పోరగాళ్లందరికీ ఎరుకే. ఒస్వాల్డో ఆర్డిలెస్ అంటె చానామందికి తెల్వదు. 1978ల అర్జెంటీనా మొదటిసారి వరల్డ్ కప్ గెలిచినప్పుడు మిడ్‌ఫీల్డ్‌ల ఆట నడిపించినోళ్లల్ల ఈయన ముఖ్యమైన మనిషి.

1952ల కోర్డోబా రాష్ట్రంల బెల్ విల్ అనే ఊర్ల పుట్టిండు. పొట్టి మనిషి, బక్క పానం. దిక్కు లా చదువు, దిక్కు బాల్. హురాకాన్ క్లబ్బుకు ఆడుకుంట కోచ్ మెనొట్టి టీమ్‌ల చోటు సంపాదించిండు. ఆ కప్పుల ఆటగాళ్లకు అక్షరాల వరుసల నంబర్లు ఇచ్చిండ్రు, అందుకే మిడ్‌ఫీల్డర్ అయి గూడ ఈయన అంగీ మీద 2 ఉండె.

ఆ సంబురం ఎన్క నెత్తురు గూడ ఉన్నది. 1976 నుంచి అక్కడ మిలటరీ రాజ్యం. బ్యూనస్ ఎయిర్స్‌ల ఫైనల్ ఆడిన స్టేడియానికి దగ్గర్లనే ఒక నేవీ బడి, దాంట్ల ఎదురు మాట్లాడినోళ్లను పట్టుకపోయి చిత్రహింసలు పెట్టిండ్రు. ఆ ఏండ్లల్ల 30,000 మంది మాయమైండ్రని హక్కుల సంఘాల లెక్క. నెదర్లాండ్స్‌ను 3-1తోని ఓడగొట్టింది ఆటగాళ్లు, పేరు కొట్టేసుకున్నది జనరల్ విదేలా.

అదే ఏడు ఆర్డిలెస్, దోస్తు రికీ విల్లా ఇద్దరు లండన్‌ల టోటెన్‌హామ్ క్లబ్బుకు పోయిండ్రు. 1981ల ఎఫ్‌ఏ కప్ గెలిచిండ్రు. అంతా మంచిగనే ఉండె.

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా ఫౌజు ఫాక్‌లాండ్ దీవుల మీద పడ్డది. తెల్లారే లెస్టర్ టీమ్‌తోని సెమీఫైనల్. ఆర్డిలెస్ కాలికి బాల్ తగిలినప్పుడల్లా లెస్టర్ జనం ఛీకొట్టిండ్రు. టోటెన్‌హామ్ జనమేమో "అర్జెంటీనా, అర్జెంటీనా" అని మొత్తుకున్నరు. సర్కార్లు కొట్లాటకు దిగినా, తమ ఆటగాన్ని ఇడిసిపెట్టలే ఆ జనం! ముందుగాల అనుకున్నట్టే వరల్డ్ కప్ కోసం ఆయన సొంత దేశం పోయిండు. మే 1న ఆయన దాయాది, యుద్ధ విమానం నడిపే హోసె ఆర్డిలెస్, బ్రిటిష్ వాళ్ల దెబ్బకు పాణం ఇడిసిండు. ఆ లడాయిల అర్జెంటీనావోళ్లు 649 మంది, బ్రిటిష్ సైనికులు 255 మంది పోయిండ్రు. ఎంటనే లండన్ మల్లి పోలేక కొన్నాళ్లు పారిస్‌ల ఆడిండు. తర్వాత తిరిగొచ్చి 1984 యూఈఎఫ్‌ఏ కప్ గెలిచిన టీమ్‌ల ఉన్నడు.

కోచ్‌గ 1989ల స్విండన్‌తోని మొదలువెట్టిండు. మరుసటేడు ప్లేఆఫ్ ఫైనల్ గెలిచి పెద్ద డివిజన్‌కు ఎక్కిచ్చిండు. ఆయన రాకముందు నుంచి క్లబ్బుల నడిచిన దొంగ చెల్లింపులు బయటపడి ఆ ప్రమోషన్ పోయింది. పైసల లెక్కలు ఆఫీసుల కూసున్నోళ్లయి, చెమట ఆటగాళ్లది. న్యూకాజిల్‌ల తీసేసిండ్రు, వెస్ట్ బ్రామ్‌ను 1993ల మీది మెట్టు ఎక్కిచ్చిండు. టోటెన్‌హామ్‌కు కోచ్‌గ పోయి 1994ల ఐదుగురు ఫార్వర్డ్‌లను ఒక్కసారే దించిండు. చూడ సొంపే గని, ఎన్క కాపలా లేక గోల్స్ పడ్డయి, కొలువు ఊడింది. ఆ మొండితనం నాకు నచ్చుతది.

నిలదొక్కుకున్నది జపాన్‌ల. 1996ల షిమిజు ఎస్-పల్స్‌కు లీగ్ కప్, తర్వాత టోక్యో వెర్డీకి 2005 జనవరి 1న ఎంపరర్స్ కప్ గెలిపిచ్చిండు.