స్పిటల్‌ఫీల్డ్స్ మార్కెట్‌లో నిధి వేట: నాలుగు పొడుపు కథలు

ఇంగ్లండ్‌లో చాలా షాపింగ్ సెంటర్లలో సెలవుల్లో పిల్లలకు నిధి వేట పెడతారు. చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో చిక్కు ప్రశ్నలు ఉంటాయి. ఒక జవాబు దొరికితే ఇంకో చోటికి దారి తెలుస్తుంది. అలాంటి వేట ఒకటి నేను తెలుగులో రాశాను. చోటు లండన్‌లోని ఓల్డ్ స్పిటల్‌ఫీల్డ్స్ మార్కెట్. లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి కొద్ది నిమిషాల నడక. ముందు పొడుపు చదవండి, కాసేపు ఆలోచించండి, తర్వాత విడుపు చూడండి.

మొదటి పొడుపు: పెట్టె మీద పెట్టె, దాని మీద పెట్టె. పైన మేక. గడ్డీ లేదు, మందా లేదు.

విడుపు: మార్కెట్ పక్కన కెన్నీ హంటర్ చేసిన మేక శిల్పం. ఇక్కడ మార్కెట్ పెట్టుకోవడానికి రాజు రెండవ చార్లెస్ 1682లో అనుమతి ఇచ్చాడు. పండ్లు, కూరగాయల టోకు వ్యాపారం 1991 వరకు ఇక్కడే జరిగింది. తర్వాత అది లేటన్‌కు వెళ్ళింది. ఇప్పుడు ఇక్కడ బట్టలు, నగలు, తిండి అమ్ముతారు. ఈ పేటకు ఫ్రెంచి వాళ్ళు, ఐరిష్ వాళ్ళు, యూదులు, బంగ్లాదేశ్ వాళ్ళు వలస వచ్చారు. ఆ పెట్టెలు నాకు వాళ్ళ సామాన్లలాగా కనిపిస్తాయి.

రెండో పొడుపు: మగ్గం లేదు, నాడె లేదు. గుమ్మం ముందు కండె ఉంది.

విడుపు: ఫోర్నియర్ స్ట్రీట్. మార్కెట్ ఎదురుగా పెద్ద చర్చి ఉంది, దాని పక్క వీధి ఇదే. కొన్ని ఇళ్ళ ముందు చెక్క కండె వేలాడుతుంది. 1685లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగవ లూయీ ప్రొటెస్టెంట్ల మత హక్కులు తీసేశాడు. హ్యూగెనోలు అనే ఆ ప్రజలు వేల సంఖ్యలో పారిపోయి వచ్చారు. వాళ్ళలో చాలామంది పట్టు నేసేవాళ్ళు. పై అంతస్తుల్లో పెద్ద కిటికీలు చూడండి. నేతకు వెలుతురు కావాలి కదా!

మూడో పొడుపు: దేవుడి ఇల్లు ఒకటే, మతాలు మారాయి. గోడ మీద గడియారం ఉంది, దానికి కీ లేదు.

విడుపు: అదే వీధి చివర, బ్రిక్ లేన్ మూలన ఉన్న మసీదు. గోడ మీద నీడ గడియారం, 1743 అనే అంకె ఉన్నాయి. హ్యూగెనోలు దీన్ని చర్చిగా కట్టారు. తర్వాత మెథడిస్టులు వచ్చారు. 1898లో సినగాగ్ అయింది, 1976లో మసీదు అయింది.

నాలుగో పొడుపు: వేరు నుంచి ఎరుపు వచ్చింది. ఉతికితే పోలేదు, చింపితే పోయింది.

విడుపు: ఇది మార్కెట్‌లో దొరకదు. ఇది అద్దకం బట్ట. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళు గ్లోబ్ అనే ఓడలో వచ్చి మచిలీపట్నంలో స్థావరం పెట్టారు. వాళ్ళకు కావలసింది బట్ట. మన తీరంలో చిరివేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం వేసేవాళ్ళు. పటిక వాడితే ఎరుపు నూలులో గట్టిగా పట్టుకుంటుంది. ఉతికినా రంగు నిలిచే నూలు బట్ట, పట్టు కన్నా చవక. లండన్ ఆడవాళ్ళు ఇష్టంగా కట్టుకున్నారు.

స్పిటల్‌ఫీల్డ్స్‌లో నేతవాళ్ళకు పని తగ్గింది. 1700లో పార్లమెంటు రంగుల అద్దకం బట్టలు దేశంలో వాడకుండా చట్టం చేసింది. కానీ తెల్ల బట్ట వస్తూనే ఉంది, లండన్‌లోనే దాని మీద అద్దకం మొదలైంది. 1719లో నేతవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. అద్దకం గౌను వేసుకున్న ఆడవాళ్ళను పట్టుకుని బట్టలు చింపారు, సిరా, యాసిడ్ చల్లారు. 1721లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. అది 1774 దాకా ఉంది.

ఇక్కడ ఎవరి వైపు నిలబడాలి? నేను తేల్చుకోలేకపోయాను. ఆ ఆడవాళ్ళు ఏ తప్పూ చేయలేదు. చింపినవాళ్ళ పొయ్యి వెలగడం లేదు. వాళ్ళ పేటే ఊరు వదిలి పారిపోయి వచ్చినవాళ్ళది. సముద్రం అవతల అద్దకం వేసినవాళ్ళు కూడా చేతి పని మీదే బతికేవాళ్ళు. ఇద్దరికీ కండె తెలుసు, రంగు తెలుసు. ఒకరి పేరు ఒకరికి తెలియదు.

ఇంగ్లీషులో కాలికో అనే మాట కోళికోడ్ నుంచి వచ్చింది. చింట్జ్ అనే మాట హిందీ నుంచి వచ్చింది. అద్దకం అనే మన మాట ఓడ ఎక్కలేదు, ఇంట్లోనే ఉండిపోయింది. మచిలీపట్నం, పెడన ఊళ్ళలో ఇప్పటికీ చెక్క అచ్చులతో కలంకారీ అద్దకం వేస్తున్నారు. పాత బట్టలు చూడాలంటే సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్ళండి. మీ ఇంట్లో కలంకారీ దుప్పటి ఉంటే అదీ చూడండి. మన నిధి అక్కడే ఉంది.

ఈ వారం మాటలు:
పొడుపు, విడుపు: చిక్కు ప్రశ్న, దాని జవాబు.
మగ్గం: బట్ట నేసే సాధనం.
కండె: నూలు చుట్టి పెట్టుకునేది.
నాడె: మగ్గంలో అటూ ఇటూ నూలు తీసుకెళ్ళేది.
అద్దకం: బట్ట మీద రంగు, బొమ్మ వేయడం.